వైజాగ్ డాబా మీద 40, 80 మీటర్ల వైరు యాంటెన్నా: ఏది ఎంచుకోవాలి, ఎలా కట్టాలి

లైసెన్సు చేతికొచ్చిన కొత్త హామ్‌లు, అంటే సరదాకి సొంత రేడియోలో మాట్లాడుకునేవాళ్లు, నన్ను అడిగేది దాదాపు ఒకే ప్రశ్న. "డాబా చిన్నది, టవర్ వేసే స్తోమత లేదు, చుట్టూ కొండలే. 40 మీటర్లలో మాట్లాడాలంటే ఏ యాంటెన్నా కట్టాలి?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాసిపెడుతున్నాను.

ముందుగా టెన్షన్ తగ్గించే మాట. ఆంధ్ర, తెలంగాణ, ఒడిశా స్టేషన్లతో మాట్లాడటమే మీ పని అయితే తక్కువ ఎత్తు లోపం కాదు, లాభం. 40, 80 మీటర్ల బ్యాండ్లలో (తరంగదైర్ఘ్యం సుమారు అంత ఉండే ఫ్రీక్వెన్సీలు) వైరు నేలకు పావు తరంగదైర్ఘ్యం లేదా అంతకన్నా తక్కువ ఎత్తులో ఉంటే సిగ్నల్ ఎక్కువగా నెత్తి మీదికి వెళ్తుంది. అక్కడ అయనోస్ఫియర్‌కు (రేడియో తరంగాలను వెనక్కి తిప్పే పై వాతావరణ పొర) తగిలి చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతుంది. విజయవాడ మనకు ఆకాశమార్గంలో సుమారు 300 కిలోమీటర్లు, హైదరాబాద్ 500, తిరుపతి 600. అన్నీ ఆ గొడుగు కిందికే వస్తాయి. పైనుంచి దిగే సిగ్నల్‌కు కైలాసగిరి, సింహాచలం కొండ, యారాడ కొండ ఏవీ అడ్డం రావు. సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు.

ఈ దగ్గరి దూరాల గురించి నేను అంత పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు ఒకేసారి పోయాయి. అలాంటి రోజున అమెరికాతో మాట్లాడే యాంటెన్నా కన్నా విజయవాడకు, హైదరాబాద్‌కు కచ్చితంగా వినిపించే యాంటెన్నా అవసరం. పడిపోయినా గంటలో మళ్లీ లేపగలిగేది కావాలి. ఈ రెండూ మనసులో పెట్టుకుని కింద చెప్పేది చదవండి.

కావాల్సినవి

వైరు: ఇళ్ల వైరింగ్‌కు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ రాగి వైరు. పైన పీవీసీ తొడుగు ఉన్నదే తీసుకోండి. సముద్రపు గాలికి ఉత్త రాగి తీగ త్వరగా నల్లబడి చిలుము పడుతుంది. 2.5 వైరు బరువెక్కువ, మధ్యలో వేలాడుతుంది. అల్యూమినియం వైరు జోలికి వెళ్లకండి, టంకం పట్టదు.

కోయాక్స్ కేబుల్ (రేడియోను యాంటెన్నాకు కలిపేది): 30 మీటర్ల లోపైతే ఆర్‌జీ-58 సరిపోతుంది. ఆ పొడవులో 7 మెగాహెర్ట్జ్ దగ్గర పోయేది ఒక డెసిబెల్ చుట్టుపక్కలే, అవతలివాళ్లకు తేడా తెలియదు. అంతకన్నా పొడవైతే ఆర్‌జీ-213. డబ్బులు లేకపోతే టీవీ కేబుల్ ఆర్‌జీ-6 కూడా పనిచేస్తుంది. దాని ఇంపిడెన్స్ 75 ఓమ్‌లైనా డైపోల్‌తో (మధ్యలో కోయాక్స్ కలిపే రెండు కాళ్ల వైరు యాంటెన్నా) ఇబ్బంది ఉండదు. అయితే దాని జల్లెడ (మధ్య తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) అల్యూమినియంది కాబట్టి టంకానికి బదులు ఎఫ్ కనెక్టర్లు వాడాలి.

ఇన్సులేటర్లు: కరెంటు స్తంభాల స్టే వైరుకు వాడే చిన్న పింగాణీవి ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి. దొరక్కపోతే మందపాటి పీవీసీ పైపును జానెడు ముక్కలుగా కోసి రెండు చివర్లా రంధ్రాలు పెట్టండి.

తాడు: ఇక్కడ కక్కుర్తి పడొద్దు. నీలం రంగు ప్లాస్టిక్ తాడు మన ఎండకు పొడి పొడిగా రాలిపోతుంది. ఫిషింగ్ హార్బర్ వైపు పడవల సామాన్లు అమ్మే షాపుల్లో ఎండకు, ఉప్పుకు తట్టుకునే తాడు అడగండి. వాళ్లకు మనకన్నా బాగా తెలుసు.

ఇవి కాక మధ్యలో నిలబెట్టడానికి 6 మీటర్ల వెదురు గెడ లేదా జీఐ పైపు, ఒక చిన్న కప్పీ, ఫెర్రైట్ రింగు, సోల్డరింగ్ సామాను, సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు (తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు), పొడవైన కొలత టేపు కావాలి. నానోవీఎన్‌ఏ (యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి కుదిరిందో చూపే చిన్న పరికరం) ఉంటే చాలా మంచిది. సొంతంది లేకపోతే తోటి హామ్ దగ్గర ఒక పూటకు అడిగి తెచ్చుకోండి.

1. ఏ బ్యాండు, ఏ వేళ అన్నది తేల్చుకోండి

పగలు మాట్లాడాలంటే 40 మీటర్లు. మన దగ్గర ఇది 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్. ఉదయం నెట్‌లన్నీ (హామ్‌లు ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి మాట్లాడుకునే వేళలు) ఇక్కడే నడుస్తాయి. రాత్రి పొద్దుపోయాక 40లో దగ్గరివాళ్లు వినపడకుండా పోయి దూరం వాళ్లు వస్తుంటే, అప్పుడు 80 మీటర్లు, అంటే 3.5 మెగాహెర్ట్జ్ బ్యాండు పనికొస్తుంది. మధ్యాహ్నం 80 దాదాపు చచ్చిపోతుంది. వేసవిలో ఉరుముల చిటపటలతో రాత్రి కూడా వినడం కష్టం.

నా సలహా: మొదటి యాంటెన్నా 40కే కట్టండి. రెండూ ఒకేసారి కావాలని మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఏదీ సరిగ్గా కుదరక వదిలేస్తున్నారు. 160 మీటర్ల సంగతి ఇప్పుడు వద్దు.

2. డాబా కొలవండి

కంటితో అంచనా వేయొద్దు, టేపు పెట్టి కొలవండి. పొడవు, వెడల్పు, మూల నుంచి మూలకు ఉన్న దూరం, మెట్ల గది కప్పు ఎత్తు, వాటర్ ట్యాంకు ఎక్కడుంది, ఇవన్నీ కాగితం మీద గీయండి.

మన ఊళ్లో మామూలుగా కనిపించే 200 గజాల స్థలాన్నే తీసుకుందాం. 30 అడుగులు, 60 అడుగులు. అంటే 9.1 మీటర్లు, 18.3 మీటర్లు. మూల నుంచి మూలకు 20.4 మీటర్లు వస్తుంది. 40 మీటర్ల డైపోల్ సుమారు 20 మీటర్లు. అడ్డంగా సాగదీసి కడితే తాళ్లకు చోటు మిగలదు. అదే మధ్యలో 6 మీటర్ల గెడ పెట్టి, చివర్లను డాబా నుంచి 2.5 మీటర్ల ఎత్తుకు దించితే ఒక్కో కాలు అడ్డంగా 9.4 మీటర్లే తీసుకుంటుంది. రెండూ కలిపి 18.8. సరిపోయింది. తిరగేసిన వీ ఆకారం కాబట్టి దీన్నే ఇన్వర్టెడ్ వీ అంటారు.

కట్టుబడి వదిలిన సందుల వల్ల డాబా స్థలం కన్నా చిన్నదైతే బెంగ పడొద్దు. చివరి మీటరు, మీటరున్నర వైరును కిందికి వేలాడదీయొచ్చు. రేడియేషన్‌లో ఎక్కువ భాగం మధ్యలోంచి వస్తుంది, చివర్లను వంచినా నష్టం కొద్దిగానే. మధ్యలోని భాగం మాత్రం తిన్నగా, ఎత్తుగా ఉండాలి.

అన్నట్టు, యాంటెన్నా ఏ దిక్కుకు చూడాలని చాలామంది అడుగుతారు. ఇంత తక్కువ ఎత్తులో దిక్కుకు పెద్ద ప్రాముఖ్యం లేదు. మీ స్థలం ఎటు కుదిరితే అటు కట్టండి.

3. కరెంటు తీగలు చూడండి

ఈ అంకెను రాజీ లేకుండా పాటించండి: గెడ పడిపోయినా, వైరు తెగి గాలికి ఎగిరినా ఏ కరెంటు తీగకూ తగలనంత దూరం ఉండాలి. గెడ ఎత్తుకు, వైరు పొడవుకు ఏది ఎక్కువో దానికి ఒకటిన్నర రెట్లు దూరం పెట్టుకుంటే నిశ్చింత. బీచ్ రోడ్డు వైపు కొన్ని ప్రాంతాల్లో లైన్లు భూమిలోకి పోయాయి గానీ పాత కాలనీల్లో పిట్టగోడకు చేయి చాపితే అందేంత దగ్గర్లో తీగలు పోతున్నాయి. అలాంటి వైపు యాంటెన్నా చివర కట్టొద్దు. వీధి దాటించి ఎదురింటి కొబ్బరి చెట్టుకు తాడు విసరడం అసలే వద్దు. సురక్షితమైన చోటు లేకపోతే ఆ ఇంట్లో యాంటెన్నా కట్టకుండా ఊరుకోవడమే మంచిది.

4. కట్టకముందే నాయిస్ వినండి

ఎవరూ చేయని పని ఇదే, అందరికీ తర్వాత ఏడుపు తెచ్చేదీ ఇదే. 10 మీటర్ల వైరు ముక్కను డాబా మీద తాత్కాలికంగా కట్టి, రేడియోను బ్యాటరీ మీద పెట్టి 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర వినండి. ఎస్ మీటరు (రేడియోలో సిగ్నల్ బలం చూపేది) ఎక్కడుందో రాసుకోండి. తర్వాత ఇంటి మెయిన్ ఆఫ్ చేసి మళ్లీ చూడండి. మీటరు ఒక్కసారిగా పడిపోతే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో ఎంసీబీ వేస్తూ పోతే దొరికిపోతాడు. ఎక్కువసార్లు చవక ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్, ఇన్వర్టర్ దొరుకుతాయి.

మెయిన్ ఆపినా తగ్గకపోతే పక్కిళ్ల నుంచి వస్తోంది. పాత ట్రాన్సిస్టర్ రేడియోను మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి డాబా మీద అటూ ఇటూ తిరగండి. గుర్రు ఎటువైపు పెరిగితే ఆ మూలకు యాంటెన్నా చివర రాకుండా చూసుకోండి. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ మెషిన్ గది ఉన్న వైపు వదిలేయండి. పక్కింటివాళ్ల బల్బు కారణమని తేలితే గొడవ పడకుండా మంచి బల్బు మీరే కొనిచ్చి మార్చుకోండి, అంతకన్నా చవకైన మందు లేదు.

5. ఇప్పుడు ఎంచుకోండి

సొంత ఇల్లు, మధ్యలో గెడ పెట్టే వీలు ఉందా? ఇన్వర్టెడ్ వీ. రెండో ఆలోచన వద్దు. ఒక్క గెడతో అయిపోతుంది, ట్యూనర్ (యాంటెన్నాను రేడియోకు సరిపోయేలా సర్దే పెట్టె) అక్కర్లేదు, నేల వైర్లు అక్కర్లేదు. తుఫాను వస్తోందంటే పది నిమిషాల్లో దించొచ్చు. అదే వైరు ట్యూనర్ సాయంతో 21 మెగాహెర్ట్జ్‌లో కూడా పనికొస్తుంది.

గెడ మధ్యలో పెట్టడం కుదరదు, ఒక చివరే అందుబాటులో ఉంది, ఉదాహరణకు ఫ్లాట్ బాల్కనీ నుంచి పై ట్యాంకు దాకా మాత్రమే వైరు లాగగలరు. అప్పుడు ఎండ్ ఫెడ్ హాఫ్ వేవ్, అంటే ఒక చివర నుంచి సిగ్నల్ ఇచ్చే అర తరంగపు వైరు. 20 మీటర్ల వైరు, చివర్లో 49:1 ట్రాన్స్‌ఫార్మర్. ఇది 40, 20, 15, 10 మీటర్లలో పనిచేస్తుంది. సుఖమే గానీ రెండు జాగ్రత్తలు. ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 2 మీటర్ల వైరు కౌంటర్‌పాయిజ్‌గా (నేలకు బదులు పనిచేసే తీగ) వదలాలి, కోయాక్స్ మీద చోక్ (జల్లెడ పైన ఆర్‌ఎఫ్, అంటే రేడియో కరెంటు, పాకకుండా ఆపే చుట్ట) పెట్టాలి. లేకపోతే ఇంట్లో నాయిస్ అంతా కోయాక్స్ జల్లెడ మీదుగా రేడియోలోకి ఎక్కుతుంది. రెండోది, 100 వాట్లతో పంపేటప్పుడు ఆ ట్రాన్స్‌ఫార్మర్ కొసన సుమారు 500 వోల్టుల ఆర్‌ఎఫ్ ఉంటుంది. బాల్కనీలో పిల్లల చేతికి అందే చోట పెట్టారంటే కాలుతుంది.

పెద్ద అపార్ట్‌మెంట్, డాబా చుట్టూ తిరిగే అవకాశం ఉంది, అసోసియేషన్ కూడా ఒప్పుకుంది. ఫుల్ వేవ్ లూప్ (పూర్తి తరంగం పొడవున్న వైరు వలయం) కట్టండి. పొడవు మీటర్లలో 306ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వస్తుంది. 40కి 43 మీటర్లు, 80కి 85 మీటర్లు. నాలుగు మూలలా నాలుగు గెడలు కావాలి కాబట్టి పని ఎక్కువ. దగ్గరి దూరాలకు మాత్రం ఇది నాకు చాలా ఇష్టమైన యాంటెన్నా.

9:1 అన్‌అన్‌తో (ఇంపిడెన్స్ మార్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) ఏదో ఒక పొడవు వైరు కట్టి ట్యూనర్‌తో లాగించే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. వేరే దారి లేనప్పుడు, తాత్కాలికంగా, సరే. శాశ్వతంగా వద్దు. పవర్‌లో చెప్పుకోదగ్గ భాగం వేడిగా పోతుంది, నాయిస్ ఎక్కువ తెస్తుంది.

భీమిలి, రుషికొండ వైపు ఇల్లు అలల పక్కనే ఉంటే మాత్రం వర్టికల్ (నిటారుగా నిలబెట్టే యాంటెన్నా) కూడా ఆలోచించండి. ఉప్పునీటి మీదుగా తక్కువ కోణంలో వెళ్లే సిగ్నల్ చాలా దూరం పోతుంది. విదేశీ స్టేషన్ల మీద మోజున్నవాళ్లకు అది వరం. అదే వర్టికల్ విజయవాడకు సరిగ్గా వినపడదు. తీరానికి ఒక కిలోమీటరు లోపలికి వచ్చేస్తే ఆ లాభమూ ఉండదు.

ఇక్కడి నుంచి ఇన్వర్టెడ్ వీ కట్టే పద్ధతే చెబుతాను.

6. వైరు కోయండి

మొత్తం పొడవు మీటర్లలో = 143 ÷ మెగాహెర్ట్జ్. 7.1కి 20.14 వస్తుంది, ఒక్కో కాలు 10.07. కానీ కోసేది 10.4 మీటర్ల చొప్పున, దాని మీద ఇన్సులేటర్‌కు చుట్టడానికి మరో 30 సెంటీమీటర్లు. పీవీసీ తొడుగు వల్ల, స్లాబు ఇనుము వల్ల చివరికి లెక్క కన్నా పొట్టిగానే కుదురుతుంది. తగ్గించడం తేలిక, అతుకు వేయడం తలనొప్పి. రెండు కాళ్లనూ పక్కపక్కన పరిచి ఒకే పొడవు ఉన్నాయో లేదో చూసుకోండి.

7. మధ్య భాగం, చోక్

అరచేయంత అక్రిలిక్ లేదా నైలాన్ ముక్క తీసుకోండి. కూరగాయలు కోసే ప్లాస్టిక్ పలక ముక్క కూడా చాలు. రెండు వైర్ల బరువు టంకం మీద పడకూడదు. వైరును ముందు రంధ్రాల్లోంచి రెండుసార్లు తిప్పి బిగించి, ఆ తర్వాత మిగిలిన కొసను టంకం వేయండి. కోయాక్స్ మధ్య తీగ ఒక కాలికి, జల్లెడ రెండో కాలికి. కోయాక్స్ బరువును కూడా ఒక కేబుల్ టైతో పలకకే కట్టేయండి.

చోక్ మానేయొద్దు. ఎఫ్‌టీ240-31 రింగు మీద ఆర్‌జీ-58ను 12 చుట్లు చుట్టి మధ్య భాగానికి ఆనుకుని పెట్టండి. రింగు దొరక్కపోతే 4 అంగుళాల పీవీసీ పైపు మీద 6 మీటర్ల కోయాక్స్‌ను పక్కపక్కగా చుట్టండి, 40కి ఫర్వాలేదు. 80కి అది బలహీనం, రింగే కావాలి.

8. పైకెత్తండి

గెడను మెట్ల గది గోడకు కనీసం రెండు చోట్ల క్లాంపులతో బిగించండి. వాటర్ ట్యాంకు పైపులకు కట్టొద్దు. గెడ కొసన కప్పీ పెట్టి మధ్య భాగాన్ని తాడుతో ఎత్తండి. ఈ కప్పీ ఉంటేనే రేపు ట్యూనింగ్‌కు పదిసార్లు దించి ఎక్కించగలరు. గెడకే గట్టిగా కట్టేస్తే విసుగొచ్చి సగంలో ఆపేస్తారు.

ఈ పనికి ఇద్దరుండాలి. ఒకరు తాడు లాగుతుంటే ఒకరు వైరు చిక్కుపడకుండా చూడాలి. పిట్టగోడ మీదికి ఎక్కడం, గాలి ఉన్నప్పుడు చేయడం, చీకటి పడ్డాక మొదలుపెట్టడం వద్దు.

రెండు కాళ్ల మధ్య కోణం 90 డిగ్రీల కన్నా తక్కువ కాకూడదు, 120 పైన ఉంటే ఇంకా మంచిది. పైన చెప్పిన కొలతల్లో 139 వస్తుంది. చివర్లు తలకు తగలని ఎత్తులో, కనీసం 2.5 మీటర్లలో ఉండాలి. అక్కడే వోల్టేజీ ఎక్కువ. బట్టలారేసే తీగకు పక్కగా అసలు వద్దు. వైరును వీణ తీగలా బిగించకండి, కొంచెం వేలాడనివ్వండి, గాలికి ఆ వదులే కాపాడుతుంది. ఒక చివర చెట్టుకు కడితే తాడును కప్పీ మీదుగా తిప్పి కొసన ఇసుక నింపిన డబ్బా వేలాడదీయండి. చెట్టు ఊగినా వైరు తెగదు.

9. ట్యూనింగ్

నానోవీఎన్‌ఏను 6 నుంచి 8 మెగాహెర్ట్జ్‌కు సెట్ చేసి, ఓపెన్, షార్ట్, లోడ్ మూడింటితో కాలిబ్రేట్ చేశాకే కోయాక్స్ తగిలించండి. ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) గీత ఎక్కడ లోయలోకి దిగిందో చూడండి.

ఆ లోయ 6.75 దగ్గర ఉందనుకుందాం. మొత్తం పొడవు 20.8 మీటర్లు. 20.8 × 6.75 ÷ 7.1 = 19.77. అంటే మొత్తం మీటరు పైన, ఒక్కో కాలికి 51 సెంటీమీటర్లు తగ్గాలి. వెంటనే కత్తెర తీయకండి. ముందు 35 సెంటీమీటర్లు వెనక్కి మడిచి అదే వైరుకు దగ్గరగా చుట్టి మళ్లీ ఎత్తి చూడండి. అలా మడుస్తూ 7.1 దగ్గరికి తెచ్చాక, ఒకటి రెండు రోజులు వాడి చూసి, అప్పుడు అవసరమైతే కోయండి. మడత అలాగే ఉంచేసినా నష్టం లేదు.

రెండు కాళ్లూ సమానంగా తగ్గించాలి. ప్రతి కొలతా యాంటెన్నా పూర్తి ఎత్తులో ఉన్నప్పుడే తీసుకోండి. కింద దించి, చేతికందే ఎత్తులో చూసిన అంకె దేనికీ పనికిరాదు. వర్షం తర్వాత లోయ కొద్దిగా కిందికి జరుగుతుంది, అది మామూలే.

7.0 నుంచి 7.2 వరకు ఎస్‌డబ్ల్యూఆర్ 2 లోపు ఉంటే పని అయినట్టే. 1.4ను 1.1 చేయాలని రోజంతా డాబా మీద ఎండలో నిలబడొద్దు, అవతలివాళ్లకు ఆ తేడా వినపడదు.

10. ఉప్పు గాలి లోపలికి పోకుండా మూయండి

మన ఊళ్లో యాంటెన్నాలు తెగి చచ్చేవి తక్కువ, ఉప్పుకు చచ్చేవే ఎక్కువ. పాతబడిన కోయాక్స్ కొసను ఒక చాకుతో చీల్చి చూడండి. మెరవాల్సిన జల్లెడ నల్లగా, కొసన పచ్చటి పొడితో ఉంటుంది. చీలుస్తూ పోతే ఆ నలుపు ఒక్కోసారి మీటరు, రెండు మీటర్ల లోపలి దాకా ఉంటుంది. తడి జల్లెడ పోగుల మధ్య దూరి అలా పాకుతూ పోతుంది. పైన తొడుగు మాత్రం కొత్తదానిలా కనిపిస్తుంది.

అందుకే టంకం వేసిన చోట్లన్నీ సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపును సాగదీసి, సగం సగం మీదికి వచ్చేలా, కింది నుంచి పైకి చుట్టండి. దాని మీద మామూలు నల్ల టేపు, అది ఎండ నుంచి కాపాడుతుంది. సిలికాన్ వాడితే వెనిగర్ వాసన వచ్చే రకం కొనొద్దు, అందులోని ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ అని రాసున్నది అడగండి. కోయాక్స్ ఇంట్లోకి వచ్చే ముందు కిందికి ఒక వంపు వదలండి, నీళ్లు అక్కడే కారిపోతాయి. వన్‌టౌన్, పోర్టు వైపు ఇళ్ల మీద బొగ్గు పొడి కూడా పడుతుంది. ఉప్పూ పొడీ కలిసి ఇన్సులేటర్ మీద పొరలా పడితే కరెంటు లీకవుతుంది, చివర్లను దించినప్పుడల్లా తడిగుడ్డతో తుడవండి.

ఎక్కువగా కనిపించే తప్పులు

ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంటే యాంటెన్నా బాగున్నట్టే అనుకోవడం అన్నిటికన్నా పెద్దది. డమ్మీ లోడ్‌కు (పవర్‌ను వేడిగా మార్చేసే పరీక్ష రెసిస్టర్) కూడా 1:1 వస్తుంది, దానితో ఎవరికైనా వినపడతారా? 5 నుంచి 10 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడ చూసినా గీత చదునుగా, తక్కువగా ఉంటే సంతోషించకండి, అనుమానించండి. కోయాక్స్‌లోకి నీళ్లు పోయాయేమో చూడండి. మంచి డైపోల్ గీతలో స్పష్టమైన లోయ ఉండి తీరాలి.

80 మీటర్ల డైపోల్‌ను 40లో కోయాక్స్‌తో వాడాలనుకోవడం మరొకటి. అక్కడ మధ్యలో ఇంపిడెన్స్ వేల ఓమ్‌లకు పోతుంది. రేడియో పక్కనున్న ట్యూనర్ రేడియోను శాంతపరుస్తుంది గానీ కోయాక్స్‌లో పోయే పవర్‌ను వెనక్కి తేలేదు.

కోయాక్స్‌ను యాంటెన్నా కాలికి సమాంతరంగా, దాని కిందే పరిచి తెస్తారు కొందరు. మధ్య నుంచి కనీసం కొన్ని మీటర్లు నిటారుగా కిందికి రానివ్వండి.

పనిచేస్తోందా? ఇలా చూడండి

కోయాక్స్‌ను చేత్తో గట్టిగా పట్టుకుని ఎస్‌డబ్ల్యూఆర్ చూడండి. అంకె కదిలితే చోక్ సరిగ్గా పనిచేయడం లేదు. మాట్లాడుతుంటే మైకు చురుక్కుమన్నా, కంప్యూటర్ మౌస్ తిక్కగా కదిలినా అదే రోగం.

తర్వాత అసలు పరీక్ష. ఉదయం నెట్‌లో చేరి విజయవాడ, హైదరాబాద్, భువనేశ్వర్ వైపు స్టేషన్లను రిపోర్టు అడగండి. ఒక్కరు చెప్పింది పట్టుకోకండి, ఒక్క రోజుది కూడా వద్దు, బ్యాండు రోజుకో రకంగా ఉంటుంది. ఎవరూ దొరక్కపోతే ఇంటర్నెట్‌లో వెబ్‌ఎస్‌డీఆర్ రిసీవర్లు (బ్రౌజర్‌లో ఎవరైనా వినగలిగే దూరపు రేడియోలు) ఉన్నాయి, మీ గొంతు మీరే వినొచ్చు. డబ్ల్యూఎస్‌పీఆర్ (చిన్న డిజిటల్ సంకేతం పంపి ఎవరు విన్నారో చూసే పద్ధతి) పెడితే తక్కువ పవర్‌తోనే మీ సిగ్నల్ ఎక్కడెక్కడికి చేరిందో మ్యాపు మీద కనిపిస్తుంది. దగ్గరి చుక్కలు ఎక్కువగా ఉంటే మీరు కోరుకున్నదే జరుగుతోంది.

రెండు యాంటెన్నాలను పోల్చాలంటే స్విచ్‌తో అప్పటికప్పుడు మార్చి, అదే స్టేషన్ మీద చూడండి. నిన్నటి రిపోర్టును ఇవాళ్టిదానితో పోలిస్తే అర్థం లేదు. వినేటప్పుడు ఎస్ మీటరు ఎక్కువ చూపే యాంటెన్నా మంచిదని తేల్చేయకండి. నాయిస్ కన్నా గొంతు ఎంత పైన ఉందన్నదే లెక్క.

80 మీటర్లు కలపాలంటే

40 కుదిరి, కొంతకాలం వాడాక ఆలోచించండి. ఒక్కో కాలికి ఇన్సులేటర్ తర్వాత మరో 9.8 మీటర్ల వైరు చేర్చి, మధ్యలో తగిలించే లింకు పెడితే 80 వస్తుంది. లింకు తీస్తే 40, తగిలిస్తే 80. లింకుకు చిన్న ఇత్తడి బోల్టు, నట్టు వాడండి. మొసలి క్లిప్పులు మన గాలికి ఒక వానాకాలం కూడా నిలవవు. చేర్చిన వైరు డాబా దాటిపోతే పిట్టగోడకు చేయెడు దూరంలో ఇంటి చుట్టూ వంచి తిప్పొచ్చు.

లింకు మార్చడానికి రోజూ డాబా ఎక్కలేమనుకుంటే ఒకే మధ్య భాగం నుంచి రెండు జతల కాళ్లు దించండి. రెండు జతల మధ్య ఎంత ఎడం కుదిరితే అంత. ముందు 80ని ట్యూన్ చేసి, తర్వాత 40. తిరగేసి చేస్తే రెండుసార్లు పని. ఎలా కట్టినా 80లో 3.5 నుంచి 3.7 మొత్తానికి ఎస్‌డబ్ల్యూఆర్ బాగా రాదు. మీరు ఎక్కువగా కూర్చునే ఫ్రీక్వెన్సీకి కుదుర్చుకుని మిగతాది ట్యూనర్‌కు వదిలేయండి.

పిడుగులు, తుఫాన్లు

ఉరుము వినపడితే చాలు, రేడియో నుంచి కోయాక్స్ తీసి ఇంటి బయట వదిలేయండి. స్విచ్ ఆపడం సరిపోదు. కోయాక్స్ ఇంట్లోకి వచ్చే చోట గ్యాస్ డిశ్చార్జ్ అరెస్టర్ (ఎక్కువ వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించేది) పెట్టి, దాన్ని బయట విడిగా పాతిన ఎర్త్ రాడ్‌కు పొట్టి, మందపాటి రాగి తీగతో కలపండి. ఆ రాడ్‌ను ఇంటి కరెంటు ఎర్త్‌తో కూడా కలపాలి, అది ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఇవన్నీ ఉన్నా కోయాక్స్ తీయడం మానొద్దు.

పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారన్న వార్త రాగానే యాంటెన్నా దించి, వైరును ఉండ చుట్టి లోపల పెట్టండి. గెడను కూడా పడుకోబెట్టి కట్టేయండి, హుద్‌హుద్ లాంటి గాలికి అది పక్కింటి అద్దాల మీద ఈటెలా పడుతుంది. బ్యాటరీ నిండా ఛార్జి చేయండి. ఒక సంచిలో విడిగా కొలిచి ట్యూన్ చేసి ఉంచిన మరో 40 మీటర్ల డైపోల్, 15 మీటర్ల కోయాక్స్, 30 మీటర్ల తాడు పెట్టుకోండి. గాలి తగ్గాక గెడ విరిగిపోయి ఉన్నా, 3 మీటర్ల ఎత్తులో గోడకూ చెట్టుకూ మధ్య ఆ వైరు కట్టినా హైదరాబాద్ పలుకుతుంది. అప్పుడు వీధిలో తెగి వేలాడే ప్రతి తీగలోనూ కరెంటు ఉందనే అనుకుని, వాటికి దూరంగా కట్టండి.

మిగతా రోజుల్లో వానాకాలం వెళ్లాక ఒకసారి, ఎండాకాలం ముందు ఒకసారి మొత్తం కిందికి దించండి. తాడు కొసలు, కప్పీ ఇరుసు, మధ్య పలక రంధ్రాల దగ్గర వైరు అరిగిందేమో చూడండి. మొదటిసారి ట్యూన్ అయిన రోజున నానోవీఎన్‌ఏ తెర ఫొటో తీసి తేదీ రాసి ఉంచుకుంటే, ఇప్పుడు పక్కన పెట్టి చూడొచ్చు. లోయ ఉన్నచోటే ఉండి లోతు తగ్గితే కనెక్టర్ విప్పి చూడండి. లోయే పక్కకు జరిగితే వైరు సాగిందో, ఎక్కడో పోగులు తెగాయో వెతకండి.